దగ్గరి అంతస్తు

ఫిబ్రవరి 4

ఒరేయ్ కోతీ,

ఫోన్ చేస్తే "బాగానే ఉన్నానక్కా" అని పెట్టేస్తున్నావు. ఆఫీసులో రోజంతా ఫోను చెవికి అంటుకునే ఉంటుంది కనక ఇంట్లో దాని మొహం చూడబుద్ధి కావడం లేదని నువ్వే అన్నావు. సరే, అందుకే ఉత్తరం. ఇందులో రెండు ముక్కలు రాసి ఊరుకుంటే మిగతా కాగితమంతా ఖాళీగా కనిపించి నీకే సిగ్గేస్తుంది.

మోకాలిచిప్పకి ఆపరేషన్ అయ్యింది, కట్టు విప్పారు, కర్ర కూడా పక్కన పెట్టావన్నావు. పాతికేళ్లపైగా లిఫ్టులు బాగుచేసినవాడు మెట్ల మీద పడ్డాడని మీ ఆఫీసువాళ్లు ఇంకా నవ్వుతున్నారా? నవ్వనీ. ప్రమాదం లేదని తెలిశాక నేనూ నవ్వాను. చిన్నప్పుడు నువ్వు నేల మీద ఎప్పుడున్నావు గనక? బీరువా మీద, గోడ మీద, నీళ్ల ట్యాంకు మీద. కోతి అని పేరు పెట్టింది నేనే.

అసలు సంగతికి వస్తాను. జూన్ ఆఖర్లో మీ ఆఫీసరు నిన్ను పరీక్షిస్తాడన్నావు కదా. లిఫ్టు పైన మెషిన్ రూముకి మెట్లెక్కి చూపిస్తే మళ్లీ బయట పని. ఎక్కలేకపోతే ఉద్యోగం ఉన్నన్నాళ్లూ ఆ టెలిఫోన్ కుర్చీయే. బయట తిరిగేవాడికి గట్టి ప్యాంటు కావాలి. నీకు పెళ్లి ఎలాగూ చెయ్యలేకపోయాం, ప్యాంటైనా సరిగ్గా ఇద్దాం. పాత కొలతలు ఇప్పుడు పనికిరావు. కొత్తవి తీసి పంపు. టేపు మరీ బిగించకు, మరీ వదలకు.

రోజూ నడుస్తున్నావా? డాక్టరమ్మ చెప్పినవి చేస్తున్నావా? ఈ రెండు ప్రశ్నలకీ జవాబు రాయకుండా కొలతలు మాత్రం పంపితే ప్యాంటు రాదు.

నీ అక్క

---

ఫిబ్రవరి 12

అక్కా,

కొలతలు విడిగా ఒక చీటీ మీద రాసి పెట్టాను. మెకానిక్కుని కనక కుడి ఎడమలు వేరువేరుగా కొలిచాను. నువ్వు అడగలేదు, అయినా ఉండనీ.

ప్రశ్నలకి జవాబులు. ఒకటి, నడుస్తున్నాను. పొద్దున్నే లేచి పార్కు చివరిదాకా వెళ్లి వస్తున్నాను. రెండు, చేస్తున్నాను. ఫిజియోథెరపీ డాక్టరమ్మ నీకంటే చిన్నదే గానీ అచ్చం నీలాగే మాట్లాడుతుంది. "ఇంకొంచెం వంచండి, ఏమీ కాదు" అంటుంది. ఏమీ కాకపోవడం ఆవిడకి, నాకు కాదు.

ఉద్యోగం అలవాటైంది. లిఫ్టులో ఇరుక్కున్నవాళ్లు ఎర్ర బటన్ నొక్కితే నా దగ్గర మోగుతుంది. నేను చెప్పే ముక్క ఒక్కటే. "కంగారు పడకండి. తలుపు లాగొద్దు. మీరేం చెయ్యక్కర్లేదు, అలా కదలకుండా కూచోండి. మా మనిషి వస్తున్నాడు." రోజంతా ఇదే పాట. నిన్న ఒకాయన, "వస్తున్నాడు వస్తున్నాడంటారు, ఎక్కడికి వచ్చాడండీ?" అని అడిగాడు. నాకేం తెలుసు? ట్రాఫిక్‌లో ఉన్నాడన్నాను. ఈ మాట ఎప్పుడన్నా నిజమే అవుతుంది.

నా సంగతి వదిలెయ్. నీ షాపు ఎలా ఉంది? లిఫ్టు లేని ఇంట్లో మూడో అంతస్తులో టైలరింగ్ షాపు పెట్టిన మనిషివి నువ్వొక్కదానివే. తమ్ముడు లిఫ్టు మెకానిక్ అని మాత్రం ఎవరికీ చెప్పకు, నా పరువు పోతుంది.

కోతి

---

మార్చి 1

కోతిగారికి,

ప్యాంటు తయారైంది. ఈ పార్సెల్‌లోనే ఉంది. నువ్వు పంపిన కొలతలకి దారప్పోగంత కూడా అటూ ఇటూ కాలేదు. వేసుకుని చూసి ఎలా ఉందో రాయి. ఎలా ఉందో అంటే "బాగుంది" అని కాదు. ఎక్కడ పట్టింది, ఎక్కడ వదులైంది, అన్నీ రాయి.

షాపు నడుస్తోంది. మూడో అంతస్తని నువ్వు ఎగతాళి చేస్తావు గానీ, మెట్లెక్కి వచ్చినవాళ్లు బేరమాడరు, ఆయాసంతో మాట రాదు. పాలూ పేపరూ యథాప్రకారం బుట్టలోనే వస్తున్నాయి. బాల్కనీలోంచి తాడు వదిలితే కింద పాలాయన అందులో పెట్టి, బుట్టకున్న గంట కొడతాడు. ఇప్పుడు గుండీలావిడ పైకి లాగుతోంది. ఆవిడ నీకు గుర్తుండే ఉంటుంది, కాజాలు కుట్టి గుండీలు వేసే పెద్దావిడ. పదేళ్లుగా గుండీలు తప్ప ఇంకేం ముట్టుకోనన్న మనిషి, ఇప్పుడు అన్నీ నేర్చుకుంటోంది.

పార్కు చివర ఏముంది? ఎప్పుడూ చెప్పలేదు.

అక్క

---

మార్చి 9

అక్కా,

ఎలా ఉందో అన్నీ రాయమన్నావు. రాస్తున్నాను.

ప్యాంటు నడుం దగ్గర నిలవడం లేదు. చేత్తో పట్టుకుంటే తప్ప జారిపోతోంది. కింద అంచు మడమల మీద పడి నేల ఊడుస్తోంది. ఊళ్లో అందరికీ కుట్టే నువ్వు నాకే ఇలా కుట్టావంటే, వేళాకోళమైనా అయ్యుండాలి, అశ్రద్ధైనా అయ్యుండాలి. రెండూ నాకు నచ్చలేదు.

అదీ సర్దుకుంటాను. బెల్టుంది, మడత పెట్టుకోవచ్చు. కానీ ఎడమ కాలు కుడి కాలికంటే సన్నగా కుట్టావు. చూస్తే తెలిసిపోతోంది. ఆ కొలత పంపింది నేనే, ఒప్పుకుంటాను. కానీ ఆ కాలు ఇక ఇంతే అని నువ్వు కూడా తేల్చేశావన్నమాట. డాక్టరు చెప్పలేదు, ఆఫీసరు చెప్పలేదు. నువ్వు గుడ్డలో కోసి పంపించావు.

ప్యాంటు బీరువాలో పెట్టాను. ఇంక కొలతలు అడగొద్దు.

నీ తమ్ముడు

---

మార్చి 15

ఒరేయ్,

ముందు ఆ ప్యాంటు బీరువాలోంచి తియ్యి. తిరగెయ్యి. ఎడమ తొడ దగ్గర లోపల చూడు. ఆ తరవాత మిగతా ఉత్తరం చదువు.

చూశావా? లోపల బట్ట వదిలి ఉంది. కుట్టు ఒకటి కాదు, మూడు వరసలు. జాకెట్లకి మేం వేస్తామే, ఒళ్లు చేసినకొద్దీ ఒక్కో వరస విప్పుకోవడానికి, అవి. మొదటి వరస విప్పితే కొంచెం వెడల్పవుతుంది, రెండోది విప్పితే ఇంకొంచెం. మూడూ విప్పితే కుడి కాలికి సమానం. ఆ కాలు ఇంతే అనుకున్నదాన్నయితే బట్ట ఎందుకు వదులుతానురా?

ఇక నడుం సంగతి. నిలబడి కొలిస్తే నీ నడుం ముప్పై ఆరు దాటదు. నువ్వు పంపింది ముప్పై తొమ్మిది. పక్క పొడుగు కూడా ఎక్కువే వచ్చింది. మనిషి కూచుంటే పొట్ట ముందుకొస్తుంది, తుంటి పరుచుకుంటుంది, మోకాలి మీదుగా టేపు తిరిగి పొడుగు పెరుగుతుంది. నువ్వు కుర్చీలో కూచుని కొలుచుకున్నావు. ఆ ప్యాంటు వేసుకుని కుర్చీలో కూచో, అచ్చు గుద్దినట్టు సరిపోతుంది. అది కూచునేవాడి ప్యాంటు. నువ్వు అడిగిందే పంపాను.

కొలుచుకోవడానికి కూడా లేవనివాడు పార్కు చివరిదాకా ఎలా వెళ్లాడు? పార్కు చివర ఏముందంటే చెప్పలేదు. రోజూ నడిచే మనిషి తొడ ఒకటి అలా చిక్కిపోదు. ఇన్ని వేలమందిని కొలిచాను, ఆ మాత్రం తెలియదా?

ఒకప్పుడు నువ్వే చెప్పేవాడివి, వాడకుండా వదిలేసిన లిఫ్టే ముందు చెడుతుందని. బ్రేకులు పట్టేస్తాయనీ, పట్టాలు తుప్పెక్కుతాయనీ. మనుషులకి వేరే రూలుందా?

ఇంతకీ ఆ ఇరుక్కున్నవాళ్ల దగ్గరికి మీ మనిషి వెళ్లి ఏం చేస్తాడు? కరెంటు లేకపోతే లిఫ్టు ఎలా కదులుతుంది? ఇన్నేళ్లలో ఎప్పుడూ అడగలేదు. రాయి. ఎందుకంటే ఇప్పుడు ఇరుక్కున్నది నువ్వే, నీ దగ్గరికి ఏ మనిషీ రావడం లేదురా. నేను ఎర్ర బటన్ ఎన్నిసార్లు నొక్కినా సరే.

కోపంతో, అయినా నీ అక్కే

---

ఏప్రిల్ 10

అక్కా,

ఆలస్యమైంది. మొదట కోపం వచ్చింది. తరవాత సిగ్గేసింది. ఆ తరవాత రాయడానికి నిజం తప్ప ఏమీ మిగల్లేదు, అది పెన్నులోంచి తొందరగా రాదు.

పార్కు చివర ఏముందో నాకు తెలియదు. కట్టు విప్పిన వారంలో ఒకసారి బయల్దేరాను. రోడ్డు సగం దాటాక బస్సు హారన్ కొట్టింది. అందరూ పరిగెత్తారు. నేను పరిగెత్తలేనని అప్పుడు తెలిసింది. డ్రైవరు ఆపాడు, ఏమీ కాలేదు, చెయ్యి ఊపి వెళ్లమన్నాడు కూడా. కానీ నడిరోడ్డు మీద అలా నిలబడిపోయినవాణ్ణి మళ్లీ ఇంటికి తెచ్చుకోవడానికి నాకు చాలాసేపు పట్టింది. అప్పట్నుంచీ ఆఫీసు వ్యాన్, లిఫ్టు, కుర్చీ. సాయంత్రం లిఫ్టు, వ్యాన్, కుర్చీ. డాక్టరమ్మ దగ్గరికి వెళ్లడం కూడా మానేశాను. ఫోన్ చేస్తే "బాగానే ఉన్నానమ్మా" అన్నాను. నీకు చెప్పినట్టే.

నువ్వడిగిన దానికి జవాబు. మా మనిషి వెళ్లి ముందు మెషిన్ రూములో మెయిన్ స్విచ్ ఆపేస్తాడు. మోటారుకి ఒక చక్రం ఉంటుంది. ఒక చేత్తో బ్రేకు వదిలిస్తూ రెండో చేత్తో ఆ చక్రాన్ని తిప్పుతాడు. బలం కాదు, ఓపిక కావాలి. చక్రం ఒక చుట్టు తిరిగితే కింద లిఫ్టు ఓ అంగుళమో రెండంగుళాలో కదులుతుంది. లోపలివాళ్లు ఎక్కాలనుకున్నది పదో అంతస్తయినా అక్కడికి తీసుకెళ్లం. పైనో కిందో ఏది దగ్గరుంటే ఆ అంతస్తుకి చేర్చి తలుపు తీస్తాం. మిగతా దారి వాళ్లే నడిచి వెళ్తారు.

ఇంతవరకూ రాసి పెన్ను పక్కన పెట్టాను. నేను కుర్చీలో కూచుని ఒకేసారి మెషిన్ రూము ఎక్కాలని చూస్తున్నాను. ఎక్కలేను కనక కూచున్నాను. మరి నాకు దగ్గరి అంతస్తు ఏది? చూశాను. కుర్చీకి ఎదురుగా కిటికీ ఉంది. లేచి కిటికీ దాకా వెళ్లాను. మర్నాడు గేటు. నిన్న రోడ్డు దాటాను, ముసలివాళ్లతో పాటు, వాళ్ల వేగంతో. డాక్టరమ్మ దగ్గరికి మళ్లీ వెళ్లాను. తిట్టలేదు. "ఇంకొంచెం వంచండి" అంది, అంతే.

ఒక మాట. ఆ మూడు వరసల్నీ దీపం కింద పెట్టి చూశాను. ఆ కుట్లు నీవి కావు. నీ కుట్టు గీత గీసినట్టుంటుంది. ఇది మలుపు దగ్గర తడబడి మళ్లీ దారికొచ్చింది. కత్తిరింపు కూడా నీ పెద్ద కత్తెరది కాదు. నీ ఉత్తరంలో "తయారైంది" అని ఉంది, "కుట్టాను" అని లేదు. బుట్ట గుండీలావిడ లాగుతోందని ఉంది. అక్కా, నువ్వెందుకు లాగడం లేదు?

కోతి

---

ఏప్రిల్ 16

తమ్ముడికి,

నీ నిజం చదివాను. మళ్లీ చదివాను. ఆ బస్సు డ్రైవరు చల్లగా ఉండాలి.

కుట్లు నచ్చకపోతే క్షమించు. పని ఎక్కువైంది, అందుకని గుండీలావిడకి ఇచ్చాను. ఆవిడ రెండుసార్లు విప్పి మళ్లీ వేసింది పాపం, నీ ప్యాంటని. నువ్వు వంకలు పెట్టావని చెప్పలేదు, చెబితే బాధపడుతుంది. అందరికీ నా చెయ్యే కావాలంటే నాకున్నవి రెండే చేతులు.

రోజూ నడువు.

అక్క

---

ఏప్రిల్ 22

అక్కా,

నేను చెయ్యి గురించి అడిగాను. నువ్వు పని గురించి రాశావు. ఇరుక్కున్నవాళ్లు ఇలాగే మాట్లాడతారు. "నాకేం భయం లేదండీ, ఆఫీసులో మీటింగుంది" అంటారు.

నేను గుండీలావిడకి వంక పెట్టలేదు. ఆ కుట్లు నాకు ఇష్టమే. నువ్వు ఏమైపోయావా అని అడిగాను.

లిఫ్టులో తప్పెక్కడుందో చూడకుండానే పట్టుకోవడం నా పని. బుట్ట లాగడం లేదు. పెద్ద కత్తెర పట్టడం లేదు. పండక్కి పంపిన ఫోటోలో జడ లేదు, ముడి కూడా పక్కకి ఉంది. కుడి భుజం పైకి లేవడం లేదు. చలికాలం నుంచీ అయ్యుంటుంది. తప్పయితే తిట్టు.

ఈ పెట్టెలో రెండు కప్పీలున్నాయి, అంటే చిన్న చక్రాలు, తాడు జారడానికి. మా స్టోర్లో పాతవి అడిగి తీసుకుని నూనె పెట్టాను. ఒకటి బాల్కనీ పైకమ్మీకి, బుట్ట తాడు దాని మీదుగా పోవాలి. రెండోది నీ గది తలుపు పైన. దాని మీదుగా తాడు వేసి రెండు కొసలూ రెండు చేతులతో పట్టుకో. మంచి చేత్తో కిందికి లాగితే పట్టేసిన చెయ్యి తనే పైకి లేస్తుంది. మా డాక్టరమ్మని అడిగాను. ముందు మీ డాక్టరుకి చూపించమంది, తరవాత నొప్పి ఓర్చుకోగలిగినంత వరకూ రోజూ చెయ్యమంది. పై దాకా అక్కర్లేదు. దగ్గరి అంతస్తు చాలు.

ఇది నీ సొంత లిఫ్టు. మూడో అంతస్తువాళ్లకి నేను పెట్టగలిగింది ఇదే.

కోతి

---

మే 11

ఒరేయ్ తమ్ముడూ,

నీ తప్పు ఒకటే. చలికాలం కాదు, అంతకు ముందే.

మొదట కత్తెర బరువనిపించింది. తరవాత పై అర మీద దారాల డబ్బా అందలేదు. కిందకి దింపించాను. తరవాత జడ. ఒక్కోటీ కింది అరలోకి దింపుకుంటూ వచ్చాను. కొన్నాళ్లకి నా ప్రపంచమంతా నడుం ఎత్తులోకి వచ్చేసింది, అదీ నేను గమనించలేదు. డాక్టరు కదపమన్నాడు. కదిపితే ప్రాణం పోయినంత పనవుతోంది కనక కదపలేదు. కదపలేదు కనక ఇంకా పట్టేసింది. నీకు రాసిన నీతులన్నీ నాకు ఆ డాక్టరు చెప్పినవే. ఎవరికో ఒకరికి పనికొస్తాయిలే అని నీకు పంపాను.

కప్పీలు గుండీలావిడ బిగించింది. స్టూలెక్కి, మేకులు నోట్లో పెట్టుకుని. "మీ తమ్ముడుగారు మనిషికి చక్రాలు పంపారేంటమ్మా, బండిలాగా" అంది. మొదటి రోజు చెయ్యి గడ్డం దాకా వచ్చింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆవిడ పక్కన నిలబడి, "ఈ బాధ మీరు నా చేత విప్పించిన కుట్లకంటే ఎక్కువా?" అంది. నవ్వొచ్చి తాడు వదిలేశాను. ఇప్పుడు ముక్కు దాకా వస్తోంది. మొన్న ఈగని తోలుకున్నాను, కుడి చేత్తో. నువ్వు నవ్వకు. అది పెద్ద విషయం.

ఒక ఒప్పందం చేసుకుందాం. ఇక మీదట "బాగానే ఉన్నాను" రాయొద్దు. ఒంటితో నిజంగా ఏం చేశామో అదొక్కటే రాద్దాం. ఏమీ చెయ్యకపోతే ఏమీ చెయ్యలేదని రాద్దాం.

ముక్కు దాకా వచ్చిన నీ అక్క

---

జూన్ 2

అక్కా,

ఒప్పందం ప్రకారం రాస్తున్నాను.

మొన్న మంగళవారం మా వీధుల్లో కరెంటు పోయింది. మా ఆఫీసు వెనక వీధి అపార్ట్‌మెంట్ నుంచి ఎర్ర బటన్ మోగింది. ఒక్కావిడే ఇరుక్కుంది. నా పాట పాడాను. కదలకుండా కూచోండి, మా మనిషి వస్తున్నాడు అన్నాను. మా మనిషి ఊరి అవతల ఇంకో లిఫ్టు దగ్గరున్నాడు. కాసేపటికి ఆవిడ మళ్లీ మోగించింది. గొంతు మారింది. గాలి ఆడడం లేదంది. గాలి ఆడుతుందండీ, పైన సందులుంటాయన్నాను. అప్పుడు అడిగింది.

"మీరెక్కడి నుంచి మాట్లాడుతున్నారు బాబూ?"

"మీ వెనక వీధి నుంచేనమ్మా."

"మరి మీరే రావచ్చు కదా!"

"వస్తున్నాను" అన్నాను. పక్క సీటాయనకి ఫోను అప్పగించి తాళాలు తీసుకుని లేచాను.

మెట్లు. ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, తరవాత చెడ్డది దాని పక్కకి. డాక్టరమ్మ నేర్పినట్టు. ప్రతి అంతస్తు దగ్గరా ఆగి, లిఫ్టు తలుపు తట్టి, "వస్తున్నానమ్మా, ఇంకా కింద ఉన్నాను" అని అరిచాను. ఆవిడ లోపల్నుంచి, "నెమ్మదిగా రండి, పడతారు" అంది! ఇరుక్కున్న మనిషి నాకు ధైర్యం చెప్పింది. లిఫ్టు దగ్గర కాపలాకి వాచ్‌మన్‌ని నిలబెట్టి పైకెక్కాను. మెషిన్ రూములో మెయిన్ ఆపి, బ్రేకు వదిలించి చక్రం తిప్పాను. చెయ్యి మర్చిపోలేదు. వాచ్‌మన్ కింద నుంచి "వచ్చింది వచ్చింది" అని కేకేశాడు. ఆపాను. ఆవిడ ఎక్కాలనుకున్నది ఆరు, దిగింది నాలుగు. మిగతా రెండూ నడిచి వెళ్లింది.

దిగడం నరకం. ఎక్కడం కంటే దిగడమే కష్టమని ఎవరూ చెప్పలేదు. రాత్రికి మోకాలు కొబ్బరికాయంత అయ్యింది. ఐసు పెట్టుకుని రెండు రోజులు పడుకున్నాను. సీటు వదిలి వెళ్లినందుకు ఆఫీసరు మెమో ఇచ్చాడు. మెమో చేతికిస్తూ, "అంతవరకూ ఎలా ఎక్కావయ్యా?" అన్నాడు. పరీక్ష మాత్రం పరీక్షేనట, ఈ నెల ఆఖరి సోమవారం.

వాపు తగ్గాక టేపు తీశాను. నిలబడే కొలిచాను. ఒక వరస విప్పాను.

కోతి

---

జూన్ 9

ఒరేయ్,

కొబ్బరికాయంత వాపని అంత తేలిగ్గా రాశావేంట్రా? ఎవరు చూస్తున్నారు నిన్ను? అన్నం ఎవరు పెడుతున్నారు? మంచం మీదే ఉన్నావా? మళ్లీ ఆపరేషన్ అంటున్నారా? ఏదో దాస్తున్నావు. ఆవిడెవరో రమ్మంటే పరిగెత్తావు సరే, నిన్ను చూడ్డానికి నేను రావద్దూ?

వద్దామనుకున్నాను. సంచి సర్దాను. ఒప్పందం ఉంది కనక రాస్తున్నాను. మెట్ల దాకా వచ్చి ఆగిపోయాను. చెయ్యి పట్టేసినప్పట్నుంచీ నేను ఈ మెట్లు దిగలేదు. బుట్ట వస్తుంది, కుట్టించుకునేవాళ్లు వస్తారు, డాక్టరు కూడా పైకే వచ్చి చూశాడు. జారితే పట్టుకోవడానికి చెయ్యి లేవదని భయం. ఇప్పుడు చెయ్యి తల దాకా లేస్తోంది, భయం మాత్రం ఇంకా కింది అరలోనే ఉంది. మొదటి మెట్టు మీద ఒక కాలు పెట్టి నిలబడ్డాను. గుండీలావిడ చూసి, "దిగుతారా, దింపమంటారా?" అంది. వెనక్కి వచ్చి ఈ ఉత్తరం రాస్తున్నాను.

నువ్వు మెట్లెక్కొద్దు. పరీక్షా వద్దు, ఏమీ వద్దు. ఆ కుర్చీ ఉద్యోగమే చేసుకో. నాకు నువ్వుంటే చాలు.

భయపడ్డ అక్క

---

జూన్ 20, మీ ఇంటి రెండో అంతస్తు

అక్కా,

నీ ఉత్తరానికి జవాబు పోస్టులో వేస్తే ఆలస్యమవుతుందని నేనే తెచ్చాను.

నేను మంచం మీద లేను. ఏమీ దాచలేదు. వాపు అప్పుడే పోయింది. నువ్వు మెట్ల దగ్గర ఆగిపోయానని రాశావు చూడు, అది చదివాక నాకు కుర్చీలో కుదర్లేదు. బస్సులో మధ్యమధ్య లేచి నిలబడుతూ వచ్చాను. కండక్టరు నేను దిగిపోతున్నాననుకుని ప్రతిసారీ విజిలేశాడు.

రెండు అంతస్తులు ఎక్కాను. మూడోది కూడా ఎక్కగలనేమో. కానీ ఎక్కితే మళ్లీ దిగాలి, దిగడం సంగతి నీకు రాశాను. సోమవారం పరీక్ష ఉంది, అప్పటిదాకా కాలు దాచుకోమంది డాక్టరమ్మ. కనక నా దగ్గరి అంతస్తు ఇదే. నీకు కూడా ఇదే. మధ్యలో ఉన్నది ఒక్క వరస మెట్లు.

ఈ మలుపులో కిటికీ ఉంది. నీ బుట్ట తాడు దాని పక్క నుంచే పోతోంది. తాడు అందుకుని, కింద ఉన్న బుట్టని ఇక్కడికి లాగి, కాగితం అందులో పెట్టి గంట కొడుతున్నాను. కుడి చెయ్యి కూడా వేసి లాగు.

పిలిస్తే వినపడేంత దూరమే. కానీ పిలిస్తే నువ్వు "నువ్వే రారా" అంటావు, నేను వచ్చేస్తాను. అందుకే రాశాను.

ప్యాంటు వేసుకునే వచ్చాను. రెండో వరస కూడా విప్పాను. మూడోది నువ్వే విప్పాలి. ఇంకా నేల ఊడుస్తూనే ఉంది. నడుం బెల్టుతో ఆగింది. పరీక్షకి ఇలా వెళ్లలేను.

ఒక్కో మెట్టూ. రెయిలింగు ఎడమ చేత్తో పట్టుకో. ఇక్కడి నుంచి నీ తలుపు కనిపిస్తోంది.

కోతి

---

(అదే కాగితం వెనక)

రెండు చేతులతోనే లాగాను.

వస్తున్నాను. టేపూ, గుండుసూదులూ, చిన్న కత్తెరా తెస్తున్నాను. గుండీలావిడ వెనక ఉంటానంది, నేనే వద్దన్నాను.

నేనొచ్చేలోపు ఆ మెట్ల మీద కూచోకు. నిలబడే ఉండు. కూచున్న కొలతలు నాకొద్దు.